ఉత్తరం వైపు తల

ఆమె పేరు నాకు తెలియదు. పది గంటలు ఎదురెదురుగా కూర్చున్నాం. ఒకే డబ్బాలోంచి ఖర్జూరాలు తిన్నాం. ఒకరి పడక ఒకరం మార్చుకున్నాం. పేరు మాత్రం నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నేను వాళ్ళలో పిన్నిని పిలిచినట్టు ఖాలమ్మా అన్నాను, ఆమె నన్ను బిడ్డా అన్నది, అంతటితో సరిపోయింది. ఆమె ఇక లేదని పోయిన నెల తెలిసింది. అప్పటి నుంచి సాయంత్రం దీపం పెట్టి, నాకు మేలు చేసినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకునేటప్పుడు ఆమెను కూడా తలుచుకుంటున్నాను. మిగతావాళ్ళకు పేర్లున్నాయి. ఆమె వంతు వచ్చేసరికి ముఖం ఒక్కటే వస్తుంది.

మాది పాల్మాకుల. విమానాలు మా చిక్కుడు పందిరి మీదుగా దిగుతుంటాయి. ఆ మోతకు మా బర్రెలు కూడా తల ఎత్తవు. అయినా నేను అందులో ఎక్కుతానని ఎన్నడూ అనుకోలేదు. మూడేళ్ళ కింద, చలికాలంలో, ఎక్కవలసి వచ్చింది. లండన్‌లో నర్సుగా పనిచేసే నా చెల్లెలికి తలలో గడ్డ అన్నారు, ఆపరేషన్ అన్నారు. అక్కడ దానికి తోటి నర్సులు తప్ప ఎవరూ లేరు.

అమ్మ పోయేనాటికి దానికి ఏడాది, నాకు తొమ్మిదేళ్ళు. దాన్ని చంకనేసుకుని తిరగాలి కాబట్టి నన్ను బడికి పంపలేదు. తాత ఇంట్లోనే పీట మీద పిండి పరిచి నా చేత అక్షరాలు దిద్దించాడు. దేవుడి నామాలతో మొదలైన చదువు. అది చాలు నాకు, తాత రుణం తీరేది కాదు. తెలుగు ఎంత సన్నని అక్షరమైనా చదువుతాను. ఇంగ్లీషు మాత్రం గోడ మీది ముగ్గు చూసినట్టే.

ఆపరేషన్ రోజు ముందే చెప్పారు. నా వీసాయే ఆలస్యమైంది, అదీ నా ఒక్కదానికే వచ్చింది. చివరికి ఏ రోజు దాని తల తెరుస్తారో ఆ రోజు పొద్దుటి విమానమే నాకు దొరికింది. మన మధ్యాహ్నం రెండు గంటలకు దాన్ని బల్ల ఎక్కిస్తారు. అప్పుడు నేను గాలిలో ఉంటాను. అది ఉందో లేదో నేను నేల మీద దిగేదాకా తెలియదు. బతికే పాలు ఎంత అని డాక్టర్లు ఏదో చెప్పారట. అది నా చెవిన వేయొద్దని ముందే చెప్పాను.

ఆ మనసుతో కౌంటర్ ముందు నిలబడ్డాను. అక్కడి అమ్మాయి నా పాస్‌పోర్టు చూసింది, కంప్యూటర్ చూసింది, పక్క అమ్మాయిని పిలిచింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. వెనక్కి పంపేస్తారనుకున్నాను. ఆ అమ్మాయి తలెత్తి నవ్వుతూ, “మీ క్లాసులో సీట్లు నిండిపోయాయమ్మా. మిమ్మల్ని పైకి పంపిస్తున్నాం,” అన్నది.

పైకి పంపడమంటే మా దగ్గర ఒకటే అర్థం. ఆ రోజున, ఆ మాట. చేతిలో కాగితం పెడుతుంటే తీసుకోలేదు. వెనక చక్రాల కుర్చీలోంచి మెల్లగా నవ్వు వినిపించింది.

“గా పైకి కాదు బిడ్డా. మెత్తటి సీట్లున్న కాడికి. నన్ను గూడ పంపుతున్నరు. తీస్కో, ఇద్దరం కల్సి పోదాం.”

తిరిగి చూశాను. నల్ల బురఖా, తెరిచిన ముఖం, ఒక పక్క పుల్ల ఊడితే దారంతో కట్టిన కళ్ళద్దాలు. అన్నిటికన్నా ముందు కనిపించినవి ఆమె అరచేతులు. చాలాసేపు నీళ్ళలో నానినట్టు తెల్లగా, ముడతలు ముడతలుగా ఉన్నాయి. అవి ఎప్పుడూ అట్లాగే ఉంటాయని తర్వాత తెలిసింది. కాళ్ళకేమైందని అడిగితే కాళ్ళు బాగానే ఉన్నాయన్నది. లండన్‌లో ఉన్న కూతురికి నెలలు నిండాయి, పురుడు పోయడానికి పోతోంది. అక్కడ దారి అడగడానికి ఇంగ్లీషు రాదని కూతురు ఈ కుర్చీ ఏర్పాటు చేసింది. “బండి నా కాళ్ళకు కాదు, నా నోటికి,” అన్నది. ఎత్తు వచ్చినచోటల్లా కుర్చీ దిగి నడిచేది, తోసే మనిషికి బరువని. ఎత్తు దాటాక మళ్ళీ ఎక్కి కూర్చునేది.

లోపల మా సీట్లు పక్కపక్కనే కాని, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిరిగి ఉన్నాయి. నాది కిటికీ పక్కన, విమానం తోక వైపు ముఖం. ఆమెది ఇవతల, ముక్కు వైపు ముఖం. మధ్యనున్న అడ్డం దించితే ఇద్దరం ఎదురుబొదురు. విమానం లేస్తుంటే నేను వీపు వైపు నుంచి ఆకాశంలోకి పోయాను. శంషాబాద్ గోదాముల రేకులు మెరిశాయి, కొత్వాల్‌గూడ దాటాక హిమాయత్ సాగర్ నీళ్ళు పళ్ళెమంత అయి మబ్బులో కలిశాయి. మా ఇంటిని నా కళ్ళ ముందు నుంచి ఎవరో లాగేసుకుంటున్నట్టుంది. ఎటు చూసినా భయమే కనుక ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆమె కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. ఒక చెయ్యి మాత్రం ఒళ్ళో ఉన్న దుప్పటిని, పసిపిల్లను జోకొట్టినట్టు, తడుతోంది.

ఆ దుప్పటి సంగతి చెప్పాలి. మాకిచ్చినవి తెల్లని మందపాటి దుప్పట్లు. నేను అందగానే కప్పుకున్నాను, చలికో వణుకుకో. ఆమె కప్పుకోలేదు. అంచు పట్టి చూసింది, వాసన చూసింది, మడత విప్పి మళ్ళీ అట్లాగే వేసింది. శంషాబాద్ అవతల ఒక పెద్ద రేకుల షెడ్డు ఉందట. విమానాల్లో కప్పుకున్న దుప్పట్లు, దిండు గలీబులు అక్కడికొచ్చి ఉతికించుకుని పోతాయట. ఆమె పదకొండేళ్ళుగా అక్కడ ఉతుకుతూ, మడతలు వేస్తోంది. “ఇది మా షెడ్లదే. మూల లోపటికి పెట్టి మడుస్తం మేము. అందరికి నేర్పింది నేనే,” అన్నది గర్వంగా. పలుచటి దుప్పట్లు వెనక సీట్లకు, మందంవి ముందు సీట్లకు అని చేతికే తెలిసిపోతుందట. మందందాన్ని ఒకసారి కప్పుకుని చూడాలని ఎన్నడైనా అనిపించిందా అని అడిగాను. ఒకరి కోసం ఉతికినదాన్ని ఎట్లా కప్పుకుంటారని ఆశ్చర్యపోయింది.

దుప్పట్లలో జనం మరిచిపోయే వస్తువుల గురించి చాలాసేపు చెప్పింది. కమ్మలు, మందుబిళ్ళలు, పసివాళ్ళ సాక్సులు, ఒకసారి నవ్వుతున్న పళ్ళ సెట్టు. ఏది దొరికినా సూపర్‌వైజర్‌కు ఇచ్చేముందు చేతిలో పట్టుకుని, దాన్ని పోగొట్టుకున్నవాళ్ళ కోసం దేవుణ్ణి ఒక మాట అడిగేదట. వాళ్ళెవరో తెలియదు కదా అంటే, పరేషాన్ అవుతుంటారన్నది తెలుసు కదా అన్నది.

అన్నం వచ్చింది. కబురు తెలిసేదాకా ముద్ద ముట్టనని నేను మొక్కుకున్నాను. పళ్ళేలు తెచ్చిన అమ్మాయికి చేతులు జోడించి వద్దన్నాను. ఖాలమ్మ తన పళ్ళెం పక్కకు జరిపి కారణం అడిగింది. అప్పుడు చెప్పాను, మొదటిసారి పైకి, తెలియని మనిషికి: మా పాల్మాకుల, చెల్లెలు, గడ్డ, రెండు గంటలు. ఆమె అయ్యో అనలేదు. తల అంతా కోస్తారా, కొంచెమా అని అడిగింది. చెవి వెనక అని చూపించాను. తన చెవి వెనక వేలితో తడుముకుని అక్కడే కాసేపు వేలు ఉంచుకున్నది. తర్వాత సంచిలోంచి ఖర్జూరాల డబ్బా తీసి, ఇవి పండ్లే కనుక మొక్కు చెడదన్నది. రెండు తిన్నాను. చెల్లెలి పేరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అడిగేది దేవుణ్ణి అయినప్పుడు పేరెందుకు, ఆయనకు తెలియదా అన్నది.

పట్టపగలే కిటికీలన్నీ మూసి చీకటి చేశారు. పళ్ళేలు తెచ్చిన అమ్మాయే వచ్చి మా సీట్లను వాల్చి పడకలు చేసింది. ఎంత మర్యాదగా చేసిందో, ఆ పిల్ల చల్లగా ఉండాలి. కాని నేను పడుకోలేకపోయాను. ఎదురుగా చిన్న తెర మీద విమానం బొమ్మ కదులుతోంది. దాని ముక్కు పైకి, ఒక పక్కకు వాలి ఉంది. పైన ఏ దిక్కు అని ఖాలమ్మ చేత ఉర్దూలో అడిగించాను. ఉత్తరం అన్నదా అమ్మాయి. నా సీటు తోక వైపు తిరిగి ఉంది కనుక, వాలిస్తే నా తల ముక్కు వైపు.

ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదు. శవాన్ని అట్లా పడుకోబెడతారు. మా ఇంట్లో మంచం ఏ గదిలో వేసినా ముందు అది చూస్తారు. చెల్లెలు పసిదిగా ఉన్నప్పుడు నిద్రలో అటు తిరిగిపోతే నేను లేచి సరిచేసేదాన్ని. ఇది నేరుగా ఉత్తరం కాదు, వాయవ్యం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాని తెర మీద గీత పోనుపోను ఉత్తరానికే సాగుతోంది. అక్కడ దాని తల బల్ల మీద, ఇక్కడ నా తల ఉత్తరానికి. దిండు కాళ్ళ దగ్గరికి తెచ్చి చూశాను, అక్కడ ఇరుకు సందు, తల పట్టదు. లేచి కూర్చుని దుప్పటి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఖాలమ్మ అంతా చూస్తూనే ఉంది. ఏందని అడిగింది. సిగ్గుపడుతూ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె కాళ్ళు కిందికి దించి చెప్పులు వేసుకున్నది.

“లెవ్వు. నా దాంట్ల పండు. నువ్వు దక్షిణానికి తల పెట్టుకో, నేను గీడ పంట.”

వద్దన్నాను. నాకు వద్దనుకున్నది మీకెట్లా ఇస్తానన్నాను.

“మమ్ముల గోరీల పెట్టేది ఉత్తరం దిక్కు తలతోనే బిడ్డా. ఎట్లైనా గట్ల పండేదే గద. జర ముందుగాల అలవాటు చేస్కుంట, ఏమైతది.”

ఆ మాటను ఎంత తేలిగ్గా అన్నదో చెప్పలేను. నన్ను చెయ్యి పట్టి లేపింది. నేను పోయి ఆమె పడకలో, ఆమె వెచ్చదనం ఇంకా ఉన్నచోట పడుకున్నాను. అప్పుడు మొదలైంది అసలు భయం. నా కీడును ఒక పెద్దమనిషి తలకు చుట్టి నేను తప్పుకున్నానని. ఆమె మాత్రం జీవితంలో మొదటిసారి ఆ మందపాటి దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, కుడిపక్కకు ఒత్తిగిల్లి, చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసింది. కదలలేదు. గోరీలో కూడా ఇట్లాగే పక్కకు తిప్పి పెడతారని విన్నాను. ఊపిరి తీస్తోందా అని మోచేతి మీద లేచి చూస్తుంటే ఒక కన్ను తెరిచింది. “ఇంక పోలే. పండు,” అన్నది.

నా గడియారాన్ని మన టైములోనే ఉంచుకున్నాను. రెండు గంటలైంది. ఖాలమ్మా, ఇప్పుడే మొదలుపెడతారు అన్నాను. ఆమె వెంటనే లేచి మొహం, చేతులు కడుక్కుని వచ్చి, విమానం అమ్మాయిని మక్కా ఎటు ఉందని అడిగింది. పొద్దున ఎక్కినప్పుడు ముందుకే ఉన్నది, ఇప్పుడు ఎడమ రెక్క వెనక్కి పోయిందట. పడక మీదే అటు తిరిగి కూర్చున్నది. నేను తూర్పు ఎటో కనుక్కుని అటు తిరిగి, వేళ్ళ కణుపుల మీద నామం లెక్కపెట్టడం మొదలుపెట్టాను. విమానం రెండుసార్లు గట్టిగా కుదిపింది. నా లెక్క తప్పింది. మళ్ళీ మొదటి కణుపు నుంచి. కళ్ళు తెరిచి చూస్తే ఆమె ఇంకా ఆ పక్కకే తిరిగి ఉన్నది, వేలు తన చెవి వెనక పెట్టుకుని.

దిగాం. విమానం ఇంకా నేల మీద పాకుతుండగానే అందరి ఫోన్లూ మోగాయి. నాది తెరవడం నాకు చేతకాలేదు. ఆమె దగ్గరుండి నా చేత తెరిపించింది. చెల్లెలి తోటి నర్సు, గుంటూరు వైపు పిల్ల, నా కోసం తెలుగులో పంపిన మెసేజ్ ఒకటే ఉంది: “అయిపోయింది అక్కా. దిగగానే ఫోన్ చేయండి.”

అయిపోయింది. ఏది అయిపోయింది? మా ఊళ్ళో మనిషి పోయినా ఆ మాటే. నేను చదివాను, మళ్ళీ చదివాను, అక్షరాలు పిండిలా చెదిరిపోయాయి. ఆమెకు చదువు రాదు. నా చేత పైకి రెండుసార్లు చదివించుకున్నది.

“చెడ్డ కబురు గిట్ల సక్కగ రాదు. ముందుగాల తిన్నవా, ఏడున్నవ్ అని అడుగుతరు. నా మొగడు పోయిన్నాడు నన్ను గట్లనే అడిగిన్రు. అయిపోయింది అన్నరంటే పని అయిపోయింది.”

అని లేచి తన దుప్పటి మడిచింది. నాది మడిచింది. మూల లోపలికి పెట్టి, చేత్తో నిమిరి. విమానం అమ్మాయి వద్దమ్మా వద్దమ్మా అంటుంటే పక్క వరుసలో జనం వదిలేసి పోయిన ఇంకో రెండు కూడా మడిచింది. గుమ్మం దగ్గర ఆమె కోసం కుర్చీతో మనిషి నిలబడి ఉన్నాడు. ఫోన్ చేసుకుని రా, ముందు ఆగుతా, పిల్ల ఉన్నదని చెప్పినంకనే పోతా అన్నది.

నేను గోడ పక్కకు జరిగి ఫోన్ చేశాను. ఆ పిల్ల వెంటనే ఎత్తింది. “బాగా వచ్చారా అక్కా? ఏమైనా తిన్నారా?” అన్నది.

నేను ఆ తివాచీ మీద అక్కడే కూలబడ్డాను. ఎవరో చెయ్యి అందించబోయారు. ఫోన్‌లో హలో, హలో అంటోంది. ఎంతసేపో నాకు తెలియదు. అమ్మ పోయిన రోజు ఏడాది పిల్ల నా జుట్టు పట్టుకుని గుంజింది, ఆ నొప్పి ఒక్కటే గుర్తుకొచ్చింది. “అక్కా, వింటున్నారా? కళ్ళు తెరిచిందండి. మీరు వచ్చారా అని అడిగింది. అలసిపోయి ఉంటారని తిన్నారా అన్నాను,” అంటోంది.

లేచి పరుగెత్తాను. చెప్పాలి కదా. ముందు ఆగుతానన్నది కదా. పొడుగాటి దారిలో కుర్చీలవాళ్ళను ఒక చిన్న బండి ఎక్కించి వేరే దారిన తీసుకుపోయారట. తలుపు దగ్గర ఒకాయన చేతులతో చూపించాడు. అక్కడ చాలాసేపు నిలబడ్డాను. ఆమె రాలేదు. చెప్పకుండానే నేను బయటికి వచ్చాను.

ఆరు నెలలు అక్కడుండి చెల్లెలికి వండిపెట్టాను. ఎడమ చెవి వినపడదు, మిగతాదంతా దేవుడు దానికే ఉంచాడు. తిరిగి మా ఊరు వచ్చాక, ఆ షెడ్డు మాకు పది నిమిషాల దారి. అయినా పోలేదు. పనులని చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే భయం. ఆ దిక్కున పడుకున్న మనిషికి ఏదైనా అయి ఉంటే అది నా వల్లనే అని మనసులో ఎక్కడో అనుకుంటూనే ఉన్నాను. పోకపోతే తెలియదు. తెలియకపోతే ఆమె బాగున్నట్టే.

పోయిన నెల చెల్లెలు సెలవు మీద వచ్చి, నా నోటినుంచి ఈ కథంతా విని, నన్ను ఒక్కరోజు కూడా ఆగనివ్వలేదు. ఆటో మాట్లాడి తీసుకుపోయింది. షెడ్డు లోపల మిషన్ల మోత, ఆవిరి. గుమ్మం దగ్గర ఒకామె దుప్పట్లు మడుస్తోంది, మూల లోపలికి పెట్టి. అద్దాలకు దారం కట్టుకునే ఖాలమ్మ ఉన్నదా అని అడిగాను. ఆమె మడత ఆపింది. రంజాన్‌కు ముందే పోయింది, గుండె, రెండు రోజులే దవాఖానలో ఉన్నది అని చెప్పింది. మీరెవరు, ఏ ఊరు అన్నది. పాల్మాకుల అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. లండన్ విమానంలో పోయిన పాల్మాకుల బిడ్డవు నువ్వేనా అన్నది.

ఖాలమ్మ వాళ్ళకు అంతా చెప్పిందట. మీ దిక్కు నుంచి పాలబండి వచ్చినా, ఆటో వచ్చినా అడిగేదట, లండన్‌లో తలకు ఆపరేషన్ అయిన పిల్ల ఉన్నదా అని. అడిగేది, వాళ్ళు నోరు తెరిచేలోపే ఇటు తిరిగి మడతలు వేసుకునేదట. నువ్వే పోయి చూసి రారాదా అని వీళ్ళంటే, భయమైతుంది, పోతే గోడకు దండ వేసిన ఫోటో కనబడుతుందేమో అనేదట. నన్ను తన సీటులో పండబెట్టింది తనే కదా. ఆ సీటు మంచిది కాకపోయి ఉంటే అని.

గుమ్మం దగ్గరి ఆమె చేతిలో సగం మడిచిన దుప్పటి అట్లాగే ఉన్నది.

“ఇప్పుడన్న చెప్పక్కా. ఆ పిల్ల ఉన్నదా?”

నా వెనక నుంచి చెల్లెలు ముందుకొచ్చింది. జుట్టు పక్కకు తీసి, చెవి వెనకనున్న మచ్చను ఆమెకు చూపించింది.

“ఉన్న,” అన్నది.

ఆమె లోపలికి తిరిగి ఆ మోత మీదుగా పక్కామెకు అరిచింది. పక్కామె ఇంకొకరికి. మిషన్ దగ్గర నుంచి మిషన్ దగ్గరికి, ఆవిరి దాటి, చివరి బల్ల దాకా ఆ మాట పోతుంటే వింటూ నిలబడ్డాం. ఉన్నదంట. ఉన్నదంట.